కాళ్లూడిన జో బొమ్మ, ఆరు నెలలకే విరిగిన కొత్త బొమ్మ: కీళ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నాగట్టు, నెల్లూరు
ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూలాపేటలో మా పాత ఇంటికి సున్నాలు వేయిస్తూ ఈ రోజు అటక ఖాళీ చేశాం. ఇత్తడి బిందెల వెనక ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. అందులో నేనూ మా తమ్ముడూ ఆడుకున్న జి.ఐ.జో అనే సైనికుల బొమ్మలు ఏడు ఉన్నాయి. మూత తీసి ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నానో లేదో, నడుము దగ్గర రెండుగా విడిపోయింది. ఛాతీ నా చేతిలో, కాళ్లు డబ్బాలో. లోపల్నుంచి నల్లటి రబ్బరు ముక్కలు మిరియాల పొడిలా రాలాయి. మిగతా ఆరూ ముట్టుకోకుండా మూత పెట్టేశాను.

ఇంకో బాధ కూడా ఉంది. పోయిన దసరాకి ఆన్‌లైన్‌లో ఒక ఆరంగుళాల బొమ్మ కొన్నాను, మూడు వేల పైమాటే. మోచేతులకీ మోకాళ్లకీ రెండేసి మడతలు, చూడటానికి చాలా బాగుంటుంది. మొన్న మోకాలు కొంచెం బిగుసుకున్నట్టుంటే వంచబోయాను. టిక్‌మని శబ్దం వచ్చింది, కాలు వేలాడిపోయింది. పిన్ను లోపలే తెగింది. అతికిద్దామంటే జిగురు పట్టడం లేదు.

పాతికేళ్లు దాటిన బొమ్మ ఒకటి, ఆరు నెలల బొమ్మ ఒకటి, రెండూ ఒకే వారంలో పోయాయి. పాతవి బాగవుతాయా? కొత్తవి కొనేటప్పుడు ఏ రకం కీలు చూసి కొనాలి?

ఒంగోలుగిత్త
ఆదివారం రాత్రి 10:05

అన్నా, ముందు ఆ కాళ్లు పారేయొద్దు. రాలిన రబ్బరు తప్ప మీ బొమ్మకి ఏమీ కాలేదు.

వీపు వెనక ఒకే ఒక స్క్రూ ఉంటుంది. విప్పితే ఛాతీ, వీపు రెండు పెంకులుగా విడిపోతాయి. తల, చేతులు ఆ రెండు పెంకుల మధ్య ఇరుక్కుని ఉండేవే, కాబట్టి వాటంతటవే చేతికొస్తాయి. రెండు తొడలనీ కలిపి పట్టుకునే ఇనప కొక్కెం ఒకటి ఉంటుంది. ఆ కొక్కేనికి రబ్బరు రింగు తగిలించి, నడుము ముక్కలోంచి పైకి లాగి, ఛాతీ లోపలి గూటానికి వేస్తారు. బొమ్మ నిలబడటం, కూర్చోవడం, నడుము తిరగడం అన్నీ ఆ ఒక్క రింగు బిగువు మీదే. అది పోతే బొమ్మ కూలబడుతుంది, కొత్తది వేస్తే మళ్లీ లేస్తుంది. మిగతా ఆరింటినీ కూడా విప్పండి. తెగకపోయినా గట్టిపడే ఉంటాయి.

కావలికెరటం
ఆదివారం రాత్రి 10:22

బ్రో, కొత్తదాని గురించి ఒక మాట. బిగుసుకున్న కీలుని చల్లగా ఉన్నప్పుడు ఎప్పుడూ బలవంతంగా తిప్పకూడదు. రంగు వేసేటప్పుడు కొంచెం కీలు లోపలికి దిగి అక్కడే ఆరిపోతుంది. మనం తిప్పితే కీలు కదలదు, దాన్ని పట్టుకున్న సన్న పిన్ను మెలితిరుగుతుంది. మోకాలి పిన్ను మందం ఎంతుంటుందో తెలుసా? రెండు మూడు మిల్లీమీటర్లు. అగ్గిపుల్ల కన్నా కాస్త లావు, అంతే.

నేను చేసేది ఇది. వేడి నీళ్లలో, అంటే చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడిలో, ఆ కాలు ఒక్కటే ఒక నిమిషం ఉంచుతాను. లేదా హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి పడతాను. ప్లాస్టిక్ కాస్త మెత్తబడ్డాక వేళ్లని కీలుకి దగ్గరగా, పైనా కిందా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిలిస్తాను. పాదం పట్టుకుని మోకాలు వంచడం అనేది అసలు చేయకూడదు. చాలామంది చేసే పొరపాటు ఇదే.

పెన్నాగట్టు
ఆదివారం రాత్రి 10:31

నేను పాదం పట్టుకునే వంచాను తమ్ముడూ. మా మంచికే చెప్పావు, ఇక గుర్తుంటుంది.

రసాయనమాస్టారు, కందుకూరు
సోమవారం ఉదయం 6:15

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా మనవడి వల్ల ఈ బొమ్మలు పరిచయం. జిగురు పట్టడం లేదన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఒక బొమ్మలో ఒకే ప్లాస్టిక్ ఉండదు. ఒళ్లు, తల, గుడ్డలా కనిపించే భాగాలు ఎక్కువగా పి.వి.సి. దానికదే గట్టి పదార్థం. మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ అనే నూనె లాంటి పదార్థం కలుపుతారు. కవచాలు, గట్టి భాగాలు ఎక్కువగా ఏ.బి.ఎస్. కీళ్లలో తిరిగే పిన్నులు, బంతుల్లాంటి గుండ్లు కొన్ని కంపెనీలు పి.ఓ.ఎం. అనే ప్లాస్టిక్‌తో చేస్తాయి. అది నున్నగా జారుతుంది, అరుగుదల తక్కువ, కీలుకి చాలా మంచిది. కానీ ఏ మామూలు జిగురూ దానికి అంటదు. మీ పిన్ను అదే అయివుంటుంది. అలాంటప్పుడు అతికించే ప్రయత్నం మానేసి, విరిగిన రెండు ముక్కల్లోనూ సన్న డ్రిల్లు బిట్టుతో చేత్తోనే తిప్పుతూ ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, లోపల స్టీలు తీగ ముక్క దించాలి. బరువు తీగ మోస్తుంది.

ఇక మన ఊళ్ల సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. మే నెలలో రేకుల కింద అటక మీద, అద్దాలు మూసిన కారులో, ఎంత వేడి ఉంటుందో ఆలోచించండి. ఏ.బి.ఎస్. సుమారు 105 డిగ్రీల దాకా మెత్తబడదు, కాబట్టి దానికి భయం లేదు. కానీ ఇప్పుడు చాలామంది త్రీడీ ప్రింటర్‌లో కొత్త చేతులు, ఆయుధాలు చేయించుకుంటున్నారు. అందులో ఎక్కువగా వాడే పి.ఎల్.ఏ. అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. ఎండలో ఆపిన కారులో దాన్ని వదిలేస్తే కత్తి కాస్తా కొడవలి అవుతుంది. పి.వి.సి. కరగదు గానీ, వేడికి లోపలి ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి వస్తుంది. బొమ్మ జిగటగా తయారవడానికి కారణం అదే.

రబ్బరుది వేరే కథ. నల్లటి మామూలు రబ్బరుని వేడి గట్టిపరుస్తుంది, గాలిలోని ఓజోన్ పగుళ్లు తెస్తుంది. సాగదీసి ఉంచిన రబ్బరు మీద ఆ పగుళ్లు ఇంకా త్వరగా వస్తాయి. మీ సైనికులు పాతికేళ్ల పైన ఆ రింగుని సాగదీసుకునే నిలబడ్డారు. అది తయారుచేసినవాళ్ల తప్పు కాదు, రబ్బరు వయసు.

చీమకుర్తిరాయి
సోమవారం మధ్యాహ్నం 1:10

మాస్టారూ, జిగట మాట ఎత్తారు కాబట్టి నా బాధ చెప్పుకుంటాను. నేను పెట్టె తెరవని మనిషిని. సీలు ఉంటేనే విలువ అని నా నమ్మకం. పద్నాలుగేళ్లుగా బీరువాలో దాచిన ఒక బొమ్మని పోయిన నెల పెట్టె కిటికీలోంచి చూస్తే మొహం తడిసినట్టు మెరుస్తోంది. తెరిచాను. ఒళ్లంతా బంక. కేప్ ఆనుకున్న చోట వీపు రంగు లేచి కేప్‌కే అంటుకుంది. ముట్టుకోని బొమ్మ ఇలా అవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

రసాయనమాస్టారు
సోమవారం మధ్యాహ్నం 2:45

మూసిన పెట్టెలో బయటికొచ్చిన ప్లాస్టిసైజర్‌కి పోయే దారి లేదు, బొమ్మ మీదే పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు చుక్క వేసి, మెత్తటి బ్రష్‌తో కడగండి. నీడలో ఆరబెట్టండి. నెయిల్ పాలిష్ తీసే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, అందులో ఎసిటోన్ ఉంటే ఏ.బి.ఎస్. కరిగిపోతుంది. మళ్లీ జిగట రావచ్చు, మళ్లీ కడగాలి. మెత్తటి భాగాన్ని గట్టి ప్లాస్టిక్‌కి ఆనించి ఏళ్ల తరబడి ఉంచొద్దు. ఆ నూనె దీంట్లోంచి దాంట్లోకి వెళ్లి దాన్నీ మెత్తబరుస్తుంది.

పొదలకూరునిమ్మ
సోమవారం సాయంత్రం 7:30

చీమకుర్తి అన్నా, మీ బొమ్మ గురించి చదివి మనసు చివుక్కుమంది. కానీ ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. కీళ్లున్న బొమ్మని కదిలించడం కోసమే చేస్తారు. పెట్టెలో పెట్టి దాచితే అది చెడకుండా ఉంటుందనే లెక్క మీ బొమ్మతోనే తప్పని తేలింది.

నేను వీటికి బట్టలు కుడతాను, చేతులు మారుస్తాను, రంగులు వేస్తాను. ఇప్పటికి నలభై దాకా విప్పి ఉంటాను. విప్పేకొద్దీ మా తాత చెప్పే తోలుబొమ్మలు గుర్తొస్తాయి. మా ఊరికి ఆటగాళ్లు వచ్చినప్పుడు తాత చిన్నపిల్లాడట, తెర వెనక్కి వెళ్లి చూసేవాడట. మేకతోలుతో భుజం ఒక ముక్క, మోచెయ్యి ఒక ముక్క వేరువేరుగా కోసి, కీలు దగ్గర దారంతో ముడివేస్తారు. ఆటలో దారం తెగితే అక్కడికక్కడే, తెర మీద ఇంకో బొమ్మ మాట్లాడుతుండగానే, కొత్త దారం కట్టేస్తారట. తోలు తరాల పాటు ఉంటుంది. దారం ఏడాదికోసారి మారుతుంది.

మీ జో బొమ్మలో రబ్బరు రింగు ఆ దారం లాంటిదే. అరిగిపోయే భాగం చవకగా ఉంది, విడిగా ఉంది, మార్చుకోవడానికి ఒక స్క్రూ దారి వదిలారు. కొత్త బొమ్మలో అరిగే భాగం కూడా ప్లాస్టిక్కే, పైగా చుట్టూ అతికించేశారు. ఇప్పుడు చాలా వాటికి మోచేతి దగ్గర పిన్ను పైకి కనబడకుండా చేస్తున్నారు. ఫొటోల్లో చక్కగా ఉంటుంది, నాకూ నచ్చుతుంది. విరిగితే మాత్రం పిన్ను బయటికి తోయడానికి దారే ఉండదు. అందుకే నేను కొనేముందు అడిగేది ఒకటే ప్రశ్న: ఈ కీలు విరిగితే విప్పగలనా?

ఒంగోలుగిత్త
సోమవారం రాత్రి 9:15

అక్కా, తోలుబొమ్మ పోలిక అదిరింది. మా వైపు ఎడ్లబండి చక్రం కూడా అంతే. ఇరుసుకీ చక్రానికీ మధ్య ఇనప బుష్ వేస్తారు, అరిగితే బుష్ మారుస్తారు, చక్రం మార్చరు.

డిజైన్ ఎలా మారిందో నాకు తెలిసింది రాస్తాను. 1964లో హాస్బ్రో అనే అమెరికా బొమ్మల కంపెనీ వాళ్లు మొదటి జి.ఐ.జోని పన్నెండు అంగుళాల ఎత్తుతో తెచ్చారు, 21 కదిలే భాగాలతో. మగపిల్లలకి డాల్ అంటే కొనరని యాక్షన్ ఫిగర్ అనే పేరు పెట్టింది అప్పుడే. 1978లో కెన్నర్ కంపెనీ స్టార్‌వార్స్ సినిమా బొమ్మలు మూడుముప్పావు అంగుళాలకి దిగాయి. తల, రెండు చేతులు, రెండు కాళ్లు, ఐదే కీళ్లు. బొమ్మ చిన్నదైతే దానికి సరిపడా వాహనాలు కూడా చేసి అమ్మొచ్చు కదా. 1982లో జో కూడా అదే సైజులో తిరిగొచ్చాడు, కానీ కీళ్లు వదులుకోలేదు. అక్కడే రబ్బరు రింగు పనికొచ్చింది. ఆ చిన్న నడుములో అన్ని వైపులా తిరిగే కీలు వేరే ఎట్టా పెడతారు? 1983లో మోచేతి పైన గుండ్రంగా తిరిగే కీలు కలిపారు, రెండు చేతులా తుపాకీ పట్టడానికి. 1985లో మెడ గుండు కీలైంది. అంతకు ముందు తల పక్కలకే తిరిగేది. మీ ఏడింటిలో తల పైకీ కిందికీ ఆడుతుందేమో చూడండి అన్నా.

మన దేశంలో వీటిని అమ్మింది ఫన్‌స్కూల్. ఎం.ఆర్.ఎఫ్., హాస్బ్రో కలిసి 1987లో పెట్టిన కంపెనీ, గోవాలో ఫ్యాక్టరీ. ఇక్కడ కొన్నింటికి వేసిన రంగులు అమెరికాలో రాలేదు, అందుకే ఆ దేశం వాళ్లు మన బొమ్మల కోసం వెతుకుతారు. మీ డబ్బా జాగ్రత్త.

కావలికెరటం
సోమవారం రాత్రి 9:40

నాదొక డౌట్. మరి ముప్పై కీళ్లున్న బొమ్మ కన్నా ఐదు కీళ్ల బొమ్మే మంచిదంటారా? నేను ఒప్పుకోను. మోకాలి మీద కూర్చుని విల్లు ఎక్కుపెట్టే భంగిమ ఐదు కీళ్లతో రాదు. భుజం ముందుకి మడిచే కీలు, తొడ కిందికి జారే కీలు, చీలమండ పక్కకి వాలే కీలు, ఇవన్నీ ఉంటేనే బొమ్మకి ప్రాణం.

పొదలకూరునిమ్మ
సోమవారం రాత్రి 10:02

కీళ్లు ఎక్కువవడం తప్పు కాదు తమ్ముడూ. చీలమండ పక్కకి వాలకపోతే కాళ్లు ఎడం చేసి నిలబెట్టినప్పుడు పాదం అంచు మీద నిలుస్తుంది, కొన్నాళ్లకి ఒరిగి పడుతుంది. పడితేనే ఎక్కువ విరుగుతాయి. నేను చూసేది కీలు లెక్క కాదు, ఎక్కడ లావుగా ఉంది, ఎక్కడ సన్నగా ఉంది అని. తుంటి, మోకాలు, చీలమండ మొత్తం బరువు మోస్తాయి, అక్కడ లావుండాలి. మణికట్టు సన్నగా ఉన్నా నడుస్తుంది, అది ఊడితే మళ్లీ తగిలించవచ్చు. ఇంకోటి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్‌తో కీలు చేసిన బొమ్మని నేను కొనను. మామూలు ప్లాస్టిక్ కాస్త వంగి తట్టుకునే చోట అది పగులుతుంది. బంగారు మెరుపు కలిపిన ప్లాస్టిక్ కూడా అంతే. 1980లు, 90ల నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ అనే రోబో బొమ్మలు కొన్నింటిలో ఆ బంగారు భాగాలు ముట్టుకుంటే పొడి అవుతాయి. సేకరించేవాళ్లు దానికి జబ్బు పేరే పెట్టుకున్నారు.

చీమకుర్తిరాయి
సోమవారం రాత్రి 10:20

వదులైన కీళ్లకి నెయిల్ పాలిష్ వేయమని ఎవరో చెప్పారు. నిజమేనా?

కావలికెరటం
సోమవారం రాత్రి 10:26

నేను క్విక్ గమ్ వేస్తాను. గుండు బయటికి తీసి, పల్చగా ఒక పూత వేసి, పూర్తిగా ఆరాక పెట్టాలి. ఆరకముందే పెట్టారంటే ఆ కీలు జన్మలో తిరగదు.

రసాయనమాస్టారు
మంగళవారం ఉదయం 6:05

నెయిల్ పాలిష్‌లో ద్రావకం ఉంటుంది, ఏ.బి.ఎస్. మీద వద్దు. కావలి అబ్బాయి చెప్పినట్టు చేస్తే పరవాలేదు. బిగుసుకున్నవాటికి మాత్రం కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయకండి. అప్పటికి హాయిగా తిరుగుతుంది, కానీ ఒత్తిడిలో ఉన్న ఏ.బి.ఎస్.లో నూనె వల్ల సన్న పగుళ్లు వస్తాయి. శుద్ధమైన సిలికోన్ నూనె ఒక్క చుక్క చాలు.

పెన్నాగట్టు
మంగళవారం ఉదయం 8:50

అందరికీ చాలా థాంక్స్. ఇంతకీ ఆ రింగు మన నెల్లూరులో ఎక్కడ దొరుకుతుంది? బొమ్మల షాపుల్లో అడిగితే వింతగా చూశారు.

ఒంగోలుగిత్త
మంగళవారం ఉదయం 9:20

బొమ్మల షాపులో దొరకదన్నా. మోటార్ల రిపేరు షాపుకి వెళ్లండి. మీ వైపు రొయ్యల చెరువులు ఎన్ని ఉన్నాయి, వాటి పంపుల సామాను అమ్మే చోట ఓ-రింగులు డబ్బాల నిండా ఉంటాయి. కాళ్లు, నడుము ముక్క వెంట తీసుకెళ్లి అక్కడే తగిలించి చూసుకోండి. మరీ బిగుతైంది తీసుకుంటే తొడల మధ్య ఉండే ఆ సన్న బద్ద విరుగుతుంది, జో బొమ్మల్లో ఎక్కువగా పోయేది అదే. బొటనవేలు రెండోది, లావు తుపాకీ దూర్చితే పుటుక్కుమంటుంది. సిలికోన్ రింగు దొరికితే వేడికి బాగా ఆగుతుంది, కాకపోతే గాటు పడితే ఇట్టే చినుగుతుంది. దానికి మాస్టారు చెప్పిన సిలికోన్ నూనె తగలనివ్వకండి, ఉబ్బుతుంది.

పెన్నాగట్టు
గురువారం రాత్రి 9:55

అయింది. ఎలా అయిందో చెప్పాలనిపించింది.

వీపు స్క్రూ తుప్పు పట్టి కదల్లేదు. స్క్రూ తల అరిగిపోతుందేమో అని భయమేసి ట్రంక్ రోడ్డులో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, గాడిలో పేరుకున్న మట్టిని సూదితో గీకి, సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వెతికి, గట్టిగా నొక్కి పావు చుట్టు తిప్పాడు. కిర్రుమని వదిలింది. డబ్బులు తీసుకోలేదు. చిన్నప్పుడు వాళ్లబ్బాయికి కూడా ఇలాంటివి ఉండేవట.

రింగు పంపుల షాపులో నాలుగు సైజులు పెట్టి చూశాక కుదిరింది. ఏడింటికీ కలిపి నలభై రూపాయలు. ఇంట్లో తెల్ల దుప్పటి పరుచుకుని కూర్చున్నాను. పాత రబ్బరు కొక్కేనికి తారులా అంటుకుపోయి ఉంటే పుల్లతో గీకాను. కొత్త రింగుని కొక్కేనికి వేసి, నడుములోంచి దారంతో పైకి లాగి, గూటానికి తగిలించి, చేతులు వాటి గుంటల్లో కూర్చోబెట్టి, రెండో పెంకు మూశాను. స్క్రూ బిగించాక మోకాళ్లు మడిచి బల్ల అంచు మీద కూర్చోబెట్టాను. చెయ్యి వదిలేశాను. కూర్చునే ఉన్నాడు.

మూడింటికి తల పైకీ కిందికీ ఆడుతుంది, నాలుగింటికి లేదు. ఒకడికి కుడి బొటనవేలు లేదు. అది మా తమ్ముడు విరగ్గొట్టింది, నాకు గుర్తుంది, ఆ రోజు పెద్ద గొడవే అయింది. వాడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు, వీడియో కాల్‌లో చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి వాటా నాలుగు ఇవ్వాలి.

కొత్త బొమ్మ మోకాలికి తీగ ఇంకా వేయలేదు, మాస్టారు చెప్పిన బిట్టు దొరకాలి. ఇంకో సంగతి, ఏడుగురిలో ఒక్కడికీ వీపు సంచి లేదు. వీపు మీద చిన్న రంధ్రం అలాగే ఖాళీగా కనబడుతోంది. ఎవరి దగ్గరైనా ఎక్కువగా ఉంటే ధర చెప్పండి.

ఒంగోలుగిత్త
గురువారం రాత్రి 10:12

రెండున్నాయన్నా, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఇసుక రంగు. ధర వద్దు. ఆదివారం నెల్లూరులో పెళ్లికి వస్తున్నా, ఆ బొటనవేలు లేనోడిని తీసుకురండి, రంగు కలుస్తుందో చూసి పెడదాం.